రెండో కుర్చీలో క్లారినెట్

మూడో అంతస్తులో ఉండే ఆమెను ఆ భవనంలో అందరూ పీపీ వదిన అంటారు. వయసులో చిన్నవాళ్ళు అన్నారంటే అర్థముంది. తండ్రి ఈడువాడైన దర్జీ బాబాయి కూడా, సరిగ్గా ఆమె ఇంటి కింద ఇంట్లో మిషను కుట్టుకుంటూ, కిటికీలోంచి మెడ బయటపెట్టి "ఏమ్మా పీపీ వదినా, ఇవాళ్టికి చాలిస్తావా లేదా?" అనే అరుస్తాడు. ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు. క్లారినెట్ అనే వాయిద్యానికీ పిల్లలు ఊదే ప్లాస్టిక్ పీపీకీ తేడా తెలియనివాళ్ళ నోటే వచ్చి ఉంటుంది.

ఆమె ఉద్యోగం బస్సులు ఆగే కూడలి దాటాక ఉన్న పెద్ద హాల్లో. అక్కడి ఆర్కెస్ట్రాలో క్లారినెట్లు రెండు. రెండో కుర్చీ ఈమెది. పెళ్ళి కాకముందు కూర్చుంది, ఇప్పుడు కూతురు కాలేజీకి వెళుతోంది, ఇంకా అదే కుర్చీ.

"మరి ఒకటో కుర్చీకి ఎప్పుడు వెళ్తావే?" అని మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ అడుగుతారు, అదేదో బళ్ళో పై తరగతికి పోయినట్టు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఎంతమందికని చెబుతుంది? ఒకటో కుర్చీలో ఉన్న మనిషి పాట ఎత్తుకుంటాడు. రెండో కుర్చీలో ఉన్న మనిషి ఆ స్వరం కిందికి తన స్వరాన్ని జరిపి దానికి కండ పట్టిస్తుంది. పని బాగా చేస్తే ఆమె ఉన్నట్టే తెలియకూడదు. ఈ సంగతి ఒకసారి దర్జీ బాబాయికి చెబితే ఆయన ఇట్టే పట్టేశాడు.

"అంటే కోటు లోపల వేసే అస్తరన్నమాట. ఎవడూ చూడడు. అది లేకపోతే మాత్రం కోటు కోటులా నిలబడదు."

"అంతే బాబాయ్."

"మరి అస్తరుకి ఇంత చప్పుడెందుకమ్మా?"

ఒకటో కుర్చీ ఆయన భారీ మనిషి, ముక్కు అంతకంటే భారీ. పాట ఎత్తుకునే ముందు ముక్కుతో గట్టిగా గాలి పీలుస్తాడు. 'స్స్' మని చప్పుడవుతుంది. ఎదురుగా కూర్చున్న జనానికి వినపడదు గానీ, పక్క కుర్చీలో ఉన్న ఆమెకి అదే గంట. ఆ చప్పుడు చెవిన పడగానే ఆమె పొట్టలోకీ గాలి వెళుతుంది, ఆయన పెదవి బిగిస్తే ఈమె పెదవి బిగుస్తుంది, రెండు క్లారినెట్లూ ఒక్కటై పలుకుతాయి. చూసి కాదు, లెక్కపెట్టి కాదు. రెండో కుర్చీ వాళ్ళంతా చేసేదే అది, కానీ ఈమె చేసినంత శుభ్రంగా ఎవరూ చేయరని ఆర్కెస్ట్రాలో పేరు. ఆ పేరే కొంప ముంచింది.

ఆ ఏడు ఒక కొత్త కన్సర్టో వచ్చింది. కన్సర్టో అంటే ఒక్క వాయిద్యం ముందుకొచ్చి నిలబడితే, మిగతా ఆర్కెస్ట్రా మొత్తం దానితో మాట్లాడుతూ, వాదిస్తూ, ఒక్కోసారి నోరు మూయిస్తూ నడిచే పెద్ద రచన. ఇది క్లారినెట్ కోసం రాసింది. రాసింది కూడా ఎప్పుడో పోయిన గడ్డం పెద్దమనిషి కాదు, ఇంకా ముప్పై నిండని పిల్ల. మొహంలో సగం కళ్ళజోడే ఉంటుంది కాబట్టి ఆర్కెస్ట్రా వాళ్ళు ఆమెకి కళ్ళజోడు పిల్ల అని పేరు పెట్టారు. రాసింది ఒకటో ఆయన కోసమే. అయితే సరిగ్గా సాధన మొదలుపెట్టే వేళకి ఆయన పై వరసలో ముందు పళ్ళు రెండు కదిలి, డాక్టరు చేతిలోకి వచ్చేశాయి. క్లారినెట్ కొసని పట్టుకునేది ఆ పళ్ళే. కట్టుడుపళ్ళు పెడితే జారాయి, జిగురు వేస్తే ఊడాయి. ఆయన మూతి మూసుకుని ఇంట్లో కూర్చున్నాడు.

ఆర్కెస్ట్రాని నడిపించే మాస్టారు, చేతిలో ఎప్పుడూ సన్న కర్ర ఉంటుంది కాబట్టి కర్ర మాస్టారు, ఆమెని గదిలోకి పిలిచాడు.

"నువ్వు వాయించమ్మా."

"నేనా?"

"నువ్వే. కుదిరితే నువ్వే. కుదరకపోతే పక్క ఊరి క్లారినెట్ ఆయనకి చెప్పి ఉంచాం, ఆయనా నేర్చుకుంటున్నాడు. కంగారు పడకు."

కంగారు పడకు అన్నాక పడని మనుషులుంటారా? ఆమె మెట్లెక్కి ఇంటికొచ్చేసరికి మొహంలో మాత్రం ఎవరూ ఎన్నడూ చూడని వెలుగు ఉంది. ముందుకెళ్ళి నిలబడి వాయించడం! ఆమె పేరు గోడల మీద అంటించే కాగితంలో! కుక్కర్ పెట్టడం మరిచిపోయి అత్తయ్య గదిలోకి వెళ్ళి చెప్పింది. అత్తయ్యకి చెవుడు అనడానికి లేదు; ఆవిడకి ఇష్టమైనవి అన్నీ వినపడతాయి.

"ఒక్కదానివేనా?" అంది అత్తయ్య.

"నేను ముందు, వెనక అందరూ."

"మరి ఆ ముక్కాయన?"

"ఆయనకి పళ్ళు లేవత్తయ్యా."

"నాకూ లేవు. నేను మాట్లాడ్డం మానేశానా?"

అసలు చిక్కు ఆ కన్సర్టో మొదటి గీతలోనే ఉంది. ముందు ఏమీ ఉండదు. ఆర్కెస్ట్రా మొత్తం కదలకుండా కూర్చుంటుంది. కర్ర మాస్టారు చేతులు కిందికి దించుకుని నిలబడాలి, సైగ కూడా చేయకూడదు. ఆ నిశ్శబ్దంలోంచి క్లారినెట్ ఒక్కటే, ఉందా లేదా అన్నంత సన్నగా, ఒక స్వరం ఎత్తుకోవాలి. అది సాగి సాగి ఒక చోట విరుగుతుంది. అప్పుడు ఫిడేళ్ళ వాళ్ళు కమానుని తీగల మీద కాక చెక్క మీద రాస్తారు, ఎవరో పక్క గదిలో దుప్పటి తీస్తున్నట్టు. ఇత్తడి బాకాల వాళ్ళు స్వరం లేకుండా ఉత్త గాలి ఊదుతారు. ఇంకాస్త పోయాక క్లారినెట్ ఒక్కసారే రెండు స్వరాలు పలకాలి, ఒకటి లావు, ఒకటి చీలిక. ఆ చీలిక స్వరం మొదటిసారి ఇంట్లో వాయించినప్పుడు ఎదురింటావిడ పరుగున వచ్చి "పిల్లి ఎక్కడ ఇరుక్కుందొదినా?" అని మంచం కింద వెతికింది.

ఆ రెండు స్వరాల కష్టాన్ని ఆమె నెల తిరక్కుండా లొంగదీసుకుంది. వేళ్ళు పరుగెత్తే చోట్లు, నాలుక తిరగాల్సిన చోట్లు, అన్నీ వచ్చేశాయి. క్లారినెట్ కొసకి కట్టే రెల్లు బద్దల్లో మంచిదాన్ని గ్లాసు నీళ్ళలో నానబెడితే అత్తయ్య దాంతో నాలుక గీసుకుని కడిగి పెట్టింది. దాన్నీ ఓర్చుకుంది. ఒక్కటే రాలేదు. మొదలుపెట్టడం రాలేదు.

కూర్చుంటుంది. పెదవి బిగిస్తుంది. వేళ్ళు చోటు మీద పెడుతుంది. ఇక అక్కడే ఉండిపోతుంది. గోడ గడియారం కొట్టుకుంటుంది, నల్లా చుక్క పడుతుంది, ఆమె అలాగే ఉంటుంది. చివరికి ఏదో ఒక చప్పుడుకి, తలుపు కిర్రుమన్నా, భర్త ఆవలించినా, టక్కున స్వరం వస్తుంది. నెమ్మదిగా కాదు, ఉలిక్కిపడ్డట్టు.

మొదట దీన్ని కనిపెట్టింది దర్జీ బాబాయి. అన్నాళ్ళూ చప్పుడు ఎక్కువైందని కొలబద్దతో పైకప్పు మీద కొట్టేవాడు. ఒకరోజు నిశ్శబ్దంలో కొట్టాడు. ఆ దెబ్బకి ఆమె స్వరం ఎత్తుకుంది. సాయంత్రం మెట్ల మీద పట్టుకుని అడిగాడు.

"ఏమ్మా, వాయిస్తే ఒక బాధ, వాయించకపోతే ఇంకో బాధ పెడుతున్నావు. కుర్చీ జరిగిన చప్పుడు వినపడుతుంది. ఇక మొదలవుతుంది అనుకుని సూది పట్టుకుని కూర్చుంటాను. మొదలవదు. దారం ఎక్కదు. దేనికోసం ఆగుతున్నావు తల్లీ?"

"దేనికోసమూ కాదు బాబాయ్."

"మరి మొదలెట్టొచ్చుగా!"

ఆమెకి ఒళ్ళు మండింది. మొదలెట్టొచ్చుగా అనడం ఎంతసేపు?

అందరూ కలిసి వాయించే మొదటి రోజు దేవుడు దయ చూపాడు. ముందుకొచ్చి నిలబడింది, నిశ్శబ్దం పడింది, వెనక ఎవరో తుమ్మబోయి ఆపుకుంటూ గాలి పీల్చారు, ఈమె స్వరం వచ్చేసింది. కర్ర మాస్టారు తలూపాడు. రెండో రోజు ఎవరూ తుమ్మలేదు. నిశ్శబ్దం పడి, పెరిగి, ముదిరింది. ఫిడేళ్ళవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏమైందమ్మా?" అన్నాడు కర్ర మాస్టారు.

"బద్ద... బద్ద ఆరిపోయింది మాస్టారూ." అబద్ధం. నోట్లో తడిగానే ఉంది.

మూడోసారీ బద్దే, నాలుగోసారి వెలుతురు కళ్ళలో పడుతోందని, ఆ తరవాత సాకులు కూడా అయిపోయాయి. ఆమె కళ్ళజోడు పిల్లని ఒక మూలకి పిలిచి అడిగింది.

"అమ్మాయ్, మాస్టారిని కాస్త ఒక్కసారి కర్ర ఊపమని రాయకూడదూ? నీ సొమ్మేం పోతుంది?"

"ఊపితే ఆయన లేపినట్టవుతుంది కదండీ." పిల్ల మొహం చాలా మర్యాదగా, చాలా మొండిగా ఉంది. "ఇంట్లో అందరికంటే ముందు లేచే మనిషి ఒకరుంటారు చూడండి. గంట మోగక్కర్లేదు, ఎవరూ తట్టక్కర్లేదు. మా అమ్మ అలా లేచేది. ఆమె లేచాకే ఇల్లు లేస్తుంది. ఈ పాట అంతా అదే. మొదటి స్వరం ఎవరో లేపితే వచ్చిందనుకోండి, ఇక మిగతాదంతా ఉత్త హంగామా."

ఆమెకి ఏడుపో నవ్వో తెలియలేదు. రోజూ తెల్లారకముందే ఆ ఇంట్లో లేచేది ఎవరు మరి? భర్తని లేపేదెవరు, పాలు పెట్టేదెవరు, కూతురి దుప్పటి లాగేదెవరు?

ఆ రాసింది తన గురించే అన్నమాట. తన గురించి రాసింది తనకే రావడం లేదు.

కర్ర మాస్టారు ఆ వారం చివర తేల్చి చెప్పాడు. "వచ్చే శుక్రవారం అందరం కలిసి మళ్ళీ వాయిస్తాం. ఆ రోజు కూడా ఇలాగే అయితే పక్క ఊరాయనకి కబురు పెడతాను. కోపం తెచ్చుకోకు."

ఆమె రోగం పేరు చెప్పింది ఒకటో ఆయనే. ఏమీ తోచక హాల్లోకి వచ్చి ఖాళీ కుర్చీల్లో కూర్చుని చూస్తున్నాడు. కొత్త కట్టుడుపళ్ళతో మాటలు కాస్త ఈల వేస్తున్నాయి.

"నువ్వు నా ఊపిరి కోసం చూస్తున్నావమ్మాయ్."

"ఏంటి మాస్టారూ?"

"నా ముక్కు చప్పుడు. అది వినపడితే గానీ నీకు గాలి అందదు. నాకు తెలుసు, నువ్వు బంగారం లాంటి రెండో మనిషివి. ఒకటో మనిషివి కావు. అది వేరే పుట్టుక."

ఆయన ప్రేమగానే అన్నాడు, అదే ఆమెని ఎక్కువ కాల్చింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. బుగ్గ నిమిరి తన్నినవాణ్ణి ఏం చేస్తాం?

మరుసటి వారం ఇంట్లో ఆమెకి సలహా ఇవ్వని వాళ్ళు లేరు. లిఫ్టులు బాగుచేసే భర్త ఒక పనిముట్టు తుడుచుకుంటూ చెప్పాడు.

"బటన్ నొక్కితే లిఫ్టు కదులుతుంది. ఇప్పుడు బటనూ నువ్వే, లిఫ్టూ నువ్వే అనుకో."

"నొక్కే వేలు ఎవరిదండీ?"

ఆయన పనిముట్ల పెట్టె సర్దుకున్నాడు.

అత్తయ్య అంది, "పొద్దున్నే పాలు పెట్టడానికి ఎవరికోసం ఆగుతున్నావే? అలాగే ఊదెయ్యి."

అదీ చేసి చూసింది. తెల్లారకముందే లేచి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, ఆ చేత్తోనే క్లారినెట్ అందుకుని, ఆలోచన వచ్చేలోపు ఊదేద్దామనుకుంది. పెదవి బిగించింది. వేళ్ళు పెట్టింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆ 'సుర్' మన్న చప్పుడుకి స్వరం వచ్చింది. ఆమె క్లారినెట్ పక్కన పెట్టి, పొయ్యి తుడుస్తూ, తుడిచే గుడ్డని గోడకేసి కొట్టింది.

శుక్రవారం ఎలా గట్టెక్కిందంటే, వెనక వేణువు వాయించే అమ్మాయి జాలిపడి మెల్లగా గాలి పీల్చింది. కర్ర మాస్టారు అది వినలేదో, విన్నా విననట్టు ఊరుకున్నాడో. "అమ్మయ్య" అన్నాడు. పక్క ఊరాయనకి కబురు వెళ్ళలేదు. ఆమె మాత్రం వేణువు అమ్మాయికి థాంక్స్ చెప్పకుండానే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల మనసు కష్టపడిందని తెలుసు. తన మనసు అంతకంటే కష్టపడిందని ఆ పిల్లకేం తెలుసు?

కచేరీ రెండుసార్లు. శనివారం సాయంత్రం ఒకటి, ఆదివారం మధ్యాహ్నం ఒకటి. దాని తరవాత పక్క ఊళ్ళో కూడా పెడతారని, ఇక్కడ బాగా వాయిస్తే అక్కడా ఆమెనే పంపుతారని మాట.

శనివారం భవనంలో సగం మంది వచ్చారు. దర్జీ బాబాయి తను కుట్టిన కోటే వేసుకుని వచ్చి, ముందు కూర్చున్నవాడి కోటు కుట్టు చూసి నాలుక చప్పరించాడు. అత్తయ్య రాలేదు, అక్కడికి రావడం ఎందుకు, ఇంట్లో రోజూ వినపడుతూనే ఉందిగా అంది. ఆమె నల్ల బట్టల్లో ముందుకొచ్చి నిలబడింది. హాలు నిండా మనుషులుంటే నిశ్శబ్దం ఇంకా బరువుగా ఉంటుందని అప్పుడే తెలిసింది. వేణువు అమ్మాయి ఈసారి ఊపిరి బిగబట్టుకుంది, శుక్రవారం ఈమె మొహం మాడ్చుకుని వెళ్ళిపోయినందుకు. కర్ర మాస్టారి చేతులు కిందికే ఉన్నాయి.

ఏమీ లేదు. ఆమె గుండె ఒకటే వినపడుతోంది. అది మొదలుపెట్టమని చెప్పడం లేదు, ఊరికే కొట్టుకుంటోంది.

అప్పుడు మూడో వరసలోంచి వచ్చింది. 'స్స్'.

ఆమె పొట్ట నిండింది, పెదవి బిగిసింది, ఆ సన్నటి స్వరం గాల్లోకి లేచింది. మంచి స్వరం. ఇంత మంచిది సాధనలో కూడా రాలేదు. అక్కడి నుంచి చివరిదాకా ఆమె ఎక్కడా తడబడలేదు. చీలిక స్వరాలు వచ్చాయి, పరుగులు వచ్చాయి, ఆఖర్న ఆర్కెస్ట్రా మొత్తం లేచి గోల చేస్తే దాని నెత్తి మీద ఎక్కి కూర్చుంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కళ్ళజోడు పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆమె వంగి వంగి దండాలు పెడుతోంది గానీ, నోట్లో వేపాకు నమిలినట్టుంది.

లోపలి గదిలోకి అందరికంటే ముందు ఒకటో ఆయన వచ్చాడు, కొత్త పళ్ళన్నీ బయటపెట్టి.

"విన్నావుగా? సరిగ్గా అందించాను!"

"ఎందుకందించారు మాస్టారూ?"

"ఎందుకేంటి? ఆగిపోయావుగా!"

"ఆగనివ్వాల్సింది."

"ఆగనిస్తే పరువు పోయేది."

"పోతే నాది పోయేది. ఇప్పుడు చప్పట్లు ఎవరికి కొట్టారో చెప్పండి. నాకా, మీ ముక్కుకా?"

ఆయన మొహం ముడుచుకుంది. "ఎంత మాట! చేయి పట్టుకుని నడిపించినవాణ్ణి పట్టుకుని..."

"ఇన్నేళ్ళూ మీ ఊపిరితోనే ఊదాను మాస్టారూ, ఒక్కరోజు ఎక్కడైనా కాదన్నానా? ఆ కుర్చీలో అదే నా పని. ఇది ఆ కుర్చీ కాదు. రేపు మీరు రావద్దు."

"రేపు ఆగిపోతే?"

"ఆగిపోతాను."

ఆయన ఇంకేదో అనబోయాడు, పళ్ళు జారాయి, చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమెకి వెంటనే జాలేసింది, వెంటనే ఆ జాలి మీద కోపమొచ్చింది. ఇంటికొచ్చేదాకా భర్త "అదరగొట్టేశావు, అదరగొట్టేశావు" అంటూనే ఉన్నాడు. బస్సులో పక్క సీటువాడు విని అభినందించాడు కూడా. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం ఒకటో ఆయన రాలేదు. మూడో వరసలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె ముందుగా చూసింది అదే. చూసి, చూసినందుకు తనని తాను తిట్టుకుంది. పిలవకుండా వచ్చినవాణ్ణి వద్దని, రాకపోతే వెతుక్కోవడం ఏం బుద్ధి?

నిశ్శబ్దం పడింది. ఎవరో దగ్గారు. ఆమె వేళ్ళు కదలబోయాయి. ఆపింది. ఈ దగ్గు మీద వద్దు. ఎవరో సంచీ జిప్పు లాగారు. దాని మీదా వద్దు. కర్ర మాస్టారు కనుబొమ్మలు ఎగరేశాడు. అది సైగలాగే ఉంది. దాన్నీ వదిలేసింది. జనం కుర్చీల్లో కదిలారు, ఆ కదలిక కూడా సద్దుమణిగింది. ఇక ఎవరి దగ్గరా ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు ఆమెకి వినపడింది, 'స్స్' మని. గాలి పీల్చుతున్నారు ఎవరో. మళ్ళీ వచ్చాడా ఈయన అని ఒళ్ళు మండబోయేలోపు తెలిసింది, అది తన ముక్కే.

స్వరం వచ్చింది. కానీ గాలి ఎక్కువైంది, పెదవి ఒక వెంట్రుకవాసి జారింది. సన్నగా లేవాల్సిన స్వరం ముందర ఒక కీచు. పలక మీద మేకు గీసినట్టు, హాలు ఆ చివరిదాకా వినపడేలా కీచు. ముందు వరసలో ఒకావిడ చెవి మూసుకుంది. ఆ వెనక స్వరం దిగి, సర్దుకుని, తన దారిన తాను సాగింది. మిగతాదంతా బాగానే ఉంది. నిన్నటంత కాదు. ఆ కీచు ఆమె చెవిలోంచి చివరిదాకా పోలేదు, రెండు చోట్ల వేళ్ళు కంగారు పడ్డాయి. చప్పట్లు కొట్టారు. కూర్చునే కొట్టారు.

లోపలికి కళ్ళజోడు పిల్ల వచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

"ఆ కీచు నేను రాయలేదండీ."

"తెలుసమ్మా. నాదే."

పిల్ల నిలబడింది. ఏదో అడగాలని ఉంది, ఎలా అడగాలో తెలియలేదు. "ఇవాళ ఎవరూ... అంటే నిన్న మూడో వరసలో ఆయన..."

"ఇవాళ ఎవరూ లేరు."

పిల్ల తల ఊపింది. ఇంకాస్తసేపు నిలబడితే బాగుండేదేమో. కానీ వెనకాలే కర్ర మాస్టారు వచ్చాడు, చేతిలో కర్ర కూడా లేదు, మొహంలో చాలా మంచితనం ఉంది. ఆ మంచితనం చూడగానే ఆమెకి అర్థమైంది.

"పక్క ఊళ్ళో ఆ ఊరి క్లారినెట్ ఆయన్నే వాయించమని అడిగామమ్మా. ఎలాగూ నేర్చుకున్నాడు, ఆయన ఊరు కూడా. నిన్న నువ్వు అద్భుతం. ఇవాళ కూడా... పరవాలేదు. ఎప్పుడైనా అవుతుంది అలా."

"నిన్న అద్భుతం," అంది ఆమె.

"అవును, నిన్న."

"సరే మాస్టారూ."

ఆయన వెళ్ళాక ఆమె క్లారినెట్ విడదీసి, లోపల గుడ్డ లాగి, ఒక్కొక్క ముక్కా పెట్టెలో పెట్టింది. చివరి ముక్క ఎంత తోసినా దాని చోట్లో కూర్చోలేదు. చూస్తే తలకిందులుగా పెడుతోంది. నిన్నటి ముక్కు అద్భుతం. ఇవాళ్టి తను పరవాలేదు. దీని గురించి ఎవరితో దెబ్బలాడాలో కూడా తెలియదు. నిన్న జరిగింది చెబితే నిన్నటి చప్పట్లు కూడా పోతాయి, చెప్పకపోతే ఇవాళ్టి కీచు ఒక్కటే మిగులుతుంది. మింగాలన్నా కక్కాలన్నా కుదరని సంగతి.

భవనం దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. దర్జీ బాబాయి మెట్ల మీద కూర్చుని గుండీల కాజాలు కుడుతున్నాడు. ఇవాళ్టి కచేరీకి ఆయన రాలేదు. ఒకే సినిమాకి రెండుసార్లు పోనన్నాడు.

"ఏమ్మా, ఇవాళ ఎవరికోసం ఆగావు?"

"ఎవరికోసమూ ఆగలేదు బాబాయ్. నేనే మొదలుపెట్టాను."

"ఓహో! మరి మొహం అలా మాడిందేం?"

"కీచుమంది."

"కీచుమంటే అనింది. మొదలైందిగా!"

"మొదలైతే చాలా బాబాయ్?" ఆమె గొంతు మెట్ల మధ్య ఖంగుమంది. పై అంతస్తులో ఎవరో తలుపు తీసి చూశారు. "మొదలెట్టు మొదలెట్టు అని అందరూ నా ప్రాణం తీశారు. మొదలెట్టాను. ఎత్తుకెళ్ళి వేరేవాడికి ఇచ్చారు. నిన్న దొంగ స్వరానికి లేచి నిలబడ్డారు, ఇవాళ నా స్వరానికి చెవులు మూసుకున్నారు. నేను వెళ్ళి మళ్ళీ రెండో కుర్చీలోనే కూర్చుంటాను. పళ్ళు కుదరగానే ఆయన వస్తాడు, ముక్కుతో స్స్ మంటాడు, నేను ఊదుతాను. అంతే. చాలా?"

ఆయన సూది ఆపాడు. ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళిపోయింది. పైన తలుపు ధడాలున పడింది. "అయిపోయిందా? ఇంక ఇంట్లో ఆ పిల్లి అరవదుగా?" అని అత్తయ్య అడగడం కిందికి వినపడింది. కుర్చీ జరిగింది.

దర్జీ బాబాయి అలవాటు కొద్దీ దారం పట్టుకుని బిగుసుకు కూర్చున్నాడు, ఇక చూడాలి ఎంతసేపో అని.

ఏమీ చూడాల్సి రాలేదు. కుర్చీ చప్పుడు ఆగీ ఆగకముందే స్వరం వచ్చేసింది. సన్నగా, తిన్నగా, ఒక్క గీత కూడా పడకుండా, పైనుంచి మెట్ల మీదుగా దిగి వచ్చి, సాగి సాగి, ఎక్కడ విరగాలో అక్కడ విరిగింది.

ఆయన కొలబద్ద తీసుకుని లేచి, పైకప్పు అందక, మెట్ల కమ్మీ మీదే టంగున కొట్టాడు.

"ఓ తల్లీ! ఇదేదో అక్కడే వాయించి ఏడవచ్చుగా!"

పైన మళ్ళీ అదే స్వరం మొదలైంది, ఈసారి కోపంగా.